రెండో గడి ఖాళీ

ఉదయం తొమ్మిది గంటల నలభై నిమిషాలు. ఆకాశంలో మబ్బు తునక లేదు, గాలి కదలడం లేదు. బయట నీడలో ముప్పై ఏడు డిగ్రీలు. కిటికీలు మూసి తెరలు దించిన తూనిక గదిలో ఇరవై తొమ్మిదిన్నర. ఇది నా జ్ఞాపకశక్తి గొప్పదనం కాదు. తూనికలు, కొలతల కార్యాలయంలో ఏ పట్టికైనా గంటతోనూ వాతావరణంతోనూ మొదలు కావాలన్నది నియమం. ఆ వేసవిలో విద్యార్థులు వచ్చిన మొదటి రోజు పట్టిక నకలు ఇప్పటికీ నా దగ్గరుంది. అందులో లేనిది ఒక్కటే: ఆ ఉదయం నా చేతిసంచిలో రాజీనామా ఉత్తరం ఉంది. సంతకం పెట్టాను, తేదీ వెయ్యలేదు.

తేదీ ఎందుకు వెయ్యలేదో చెప్పాలంటే ఉత్తరం ఎందుకు రాశానో ముందు చెప్పాలి. కారణాన్ని దాచి ఫలితాన్ని చెప్పడం నాకు చేతకాదు. మా తోడికోడలంటే నాకు కుళ్ళు.

మేమంతా ఒకే ఇంట్లో ఉండేవాళ్ళం. మరిది ఉద్యోగం వేరే ఊళ్ళో. నెలకు రెండుసార్లు వచ్చి వెళ్ళేవాడు. అతని భార్య మందుల కంపెనీలో పనిచేసేది. ప్రతి ఉదయం ఎనిమిదిన్నరకు కంపెనీ కారు వీధి మలుపులో హారన్ కొట్టేది. ఆ హారన్ అందరికీ చెవిలో మోగితే నాకు కడుపులో మోగేది. మా అత్తగారు మంచినీళ్ళ సీసా పట్టుకుని ఆమె వెనకాలే గేటు దాకా వెళ్ళేవారు. పది నిమిషాల తరువాత నేను బస్సుకు బయలుదేరితే పడక్కుర్చీలోంచి కదలకుండా, "తలుపు దగ్గరగా వేసి వెళ్ళు, పిల్లులొస్తున్నాయి" అనేవారు. అయిదేళ్ళ పాటు నేను రోజూ ఆ గేటునూ ఆ తలుపునూ పోల్చుకుంటూనే బస్సెక్కాను.

అలాంటి సమయంలో తోడికోడలే ఒక సాయంత్రం నా పక్కన చేరి, "అక్కా, ఇంకా ఎన్నాళ్ళు ఆ ఇనప రాళ్ళతో కుస్తీ? మా కంపెనీలో డబ్బాల తూకం సరిచూసే విభాగానికి పెద్ద కావాలట. మీ పేరు చెప్పాను. ఈ నెలాఖర్లోగా సరేనంటే ఒకటో తారీకు నించి రావచ్చు" అంది.

"కారు కూడానా?" అన్నారు అత్తగారు, నాకంటే ముందు.

"ఒకటే కారత్తయ్యా. ఇద్దరం కలిసి వెళ్తాం."

"పదకొండేళ్ళుగా రాళ్ళు మోస్తోంది. దానికీ కారెక్కే యోగం ఉంటే కాదనేదెవరు?"

"మోసేది నేను కాదత్తయ్యా. తూచేది నేను."

"ఏదైతేనేం, ఇంటికొచ్చాక నడుం నొప్పేగా!"

మా వారు అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దేవారు. ఏ కాగితాన్నయినా తప్పు కోసమే చదివే అలవాటు. నా రాజీనామా ఉత్తరాన్నీ అలాగే చదివి, "తప్పులేం లేవు. తేదీ ఒక్కటే లేదు" అని తిరిగి ఇచ్చేశారు. నెలాఖరున వేస్తానన్నాను.

ఆ ఉదయమే మా అధికారి పిలిచి, కళాశాల నుంచి ముగ్గురు విద్యార్థులు వస్తారనీ, నాలుగు వారాలు మా పని నేర్చుకుంటారనీ, వాళ్ళ బాధ్యత నాదేననీ చెప్పారు. నేను వెళ్ళిపోయే ఆలోచనలో ఉన్నానని ఆయనకు నోటిమాటగా తెలుసు. "పోయేలోపు ఈ ఒక్క పని సాఫీగా చేసిపెట్టండి" అన్నారు.

మా కార్యాలయంలో ముద్రలు వేసే పెద్దాయన ఒకరుండేవారు. వర్తకులు ఏటా తూకం రాళ్ళు తెస్తే మేం తూచి సరేననేవాళ్ళం. ఆయన వెనక షెడ్డులో రాతి అడుగున గుంటలో పోసిన సీసం మీద సుత్తితో ఆ ఏటి ముద్ర కొట్టేవారు. అందరికీ ఆయన ముద్రల తాత. మనుషులకు కూడా చూసీ చూడగానే ముద్ర వేసేవారు. మొదటి గంటలోనే ముగ్గురికీ పేర్లు పెట్టేశారు. గది తలుపు తోసుకుని లోపలికి వచ్చిన కుర్రవాడు తొందర. చెప్పినదంతా రాసుకుంటూ పెదవి విప్పని వాడు మౌని. గుమ్మంలోనే ఆగి, చెప్పులు ఎక్కడ విడవాలని అడిగిన అమ్మాయి నిదానం.

తొందర వచ్చీ రాగానే మఖమలు పెట్టెలోంచి కిలో పడికట్టు రాయిని చేత్తో తీయబోయాడు. నేను కేకవేశాను.

"పడెయ్యలేదుగా మేడమ్!"

"పడేస్తే నయం, కనబడుతుంది. వేలి జిడ్డు అంటితే కనబడదు. జిడ్డుకీ బరువుంటుంది. పట్టకారుతో తియ్యాలి."

నిదానం పెట్టె దగ్గరకు వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని, చాలాసేపు చూసింది.

"మేడమ్, బజార్లో కిలో రాళ్ళన్నీ దీన్ని చూసే సరిచేస్తారా?"

"దీన్ని చూసి మా దగ్గరున్న ఇంకో పెట్టెను సరిచూస్తాం. ఆ పెట్టెతో బజారు రాళ్ళను."

"అంటే ఈ ఊళ్ళో ఎవరు ఏ కొట్లో ఏం కొన్నా, అందులో కిలో అంటే ఇదేనన్నమాట."

"అంతే."

"మరి మీరు దీనికి కాపలానా?"

ముద్రల తాత పకపకా నవ్వారు. "కాపలా కాదమ్మడూ, కన్నతల్లి. మమ్మల్నెవర్నీ ముట్టుకోనివ్వదు."

నేనూ నవ్వాను. కాని పదకొండేళ్ళలో ఆ పెట్టెను గురించి నేను అలా ఒక్కసారీ అనుకోలేదు. ఆ సాయంత్రం మా గుమ్మంలో కూరగాయల బండి ఆగితే, అత్తగారు బేరమాడుతుండగా, నేను వంగి ఆ బండివాడి అరకిలో రాయిని తిప్పి చూశాను. సీసం మీద మా ముద్ర ఉంది. "ఏంటమ్మా, నమ్మకం లేదా?" అన్నాడు వాడు. లేకేం అన్నాను. ఇంతవరకు బాగానే ఉంది.

రెండో వారంలో చెడింది.

త్రాసుముల్లు అటూ ఇటూ ఊగుతున్నప్పుడు దాన్ని ఆపకుండా, ఊగినంత మేర చదివి, నడిమి స్థానాన్ని లెక్కగట్టాలి. అది చేతికి రావడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. నిదానానికి ఎనిమిది రోజులు పట్టింది. ఊపిరి బిగబట్టదు, మెడ ముందుకు చాచదు. ముల్లు తన దగ్గరకు వచ్చేదాకా కూర్చుంటుంది. ముద్రల తాత షెడ్డులోంచి పని కట్టుకుని వచ్చి చూసి, "చెయ్యి కాదమ్మా అది, కొబ్బరినూనె" అన్నారు. నా చేతిని గురించి ఆయన ఎప్పుడైనా ఏమైనా అన్నారా అని ఆ పూటంతా వెతుక్కున్నాను. ఒకసారి అన్నారు. కాఫీ గ్లాసు జార్చినప్పుడు.

ఆ పిల్ల నాకంటే ముందే వచ్చి త్రాసు గాజుపెట్టెను మెత్తటి గుడ్డతో తుడిచిపెట్టేది. నా కుర్చీ ఎత్తును తనకు సరిపడా తగ్గించుకుని, వెళ్ళేటప్పుడు మళ్ళీ సరిచేసేది. ఒకరోజు సరిచెయ్యడం మరిచిపోయింది. నేను కూర్చోగానే మోకాళ్ళు పైకి లేచాయి. చిన్న విషయమే. అయినా, రాజీనామా సంచిలో పెట్టుకుని తిరుగుతున్న మనిషి కుర్చీ ఎత్తు గురించి మంటెక్కిపోవడం తర్కానికి నిలవదని ఆ క్షణాన కూడా నాకు తెలుసు.

మూడో వారం చివర అధికారి మా గదిలోకి వచ్చి, ఆమె పట్టికలు చూసి, ఆమె వినేటట్టే, "మీ స్థానంలో ఎవరని బెంగపడ్డాను. ఇక బెంగ లేదు. చదువు కాగానే ఈ అమ్మాయి చేత దరఖాస్తు పెట్టిస్తాను" అన్నారు.

నిదానం తల వంచుకుంది. చెవులు ఎర్రబడ్డాయి, సంతోషంతో.

ఆ సాయంత్రం ఇంట్లో మా వారితో చెప్పాను.

"మంచిదేగా" అన్నారాయన.

"మంచిదే. దానికి ఇరవై ఏళ్ళు. త్రాసు ముందు నాలుగు వారాలు కూర్చోలేదు."

"వదిలేసే కుర్చీలో ఎవరు కూర్చుంటే నీకేం?"

"నాకేం లేదు."

"లేకపోతే గిన్నెలు అంత చప్పుడవుతున్నాయేం?"

అప్పటికి నా ఈర్ష్య ఒక గేటు నుంచి ఇంకో గేటుకు మారిపోయింది. ఎనిమిదిన్నర హారన్ ఆ వారంలో ఎప్పుడు మోగిందో కూడా నేను గమనించలేదు.

ఇప్పుడు చెప్పబోయేది నేను చేసిన పని. దానికి ముందు ఒక్క వివరం. మా దగ్గర ఇరవై కిలోల రాళ్ళు తూచే పెద్ద త్రాసు పాతది. దాని కుడిచేయి ఎడమచేయి కంటే వెంట్రుకవాసి పొడవు. ఒక్క వైపునే పెట్టి తూస్తే ఆ త్రాసు తన లోపాన్ని రాతి మీద రుద్దుతుంది. అందుకని ప్రతి రాయినీ రెండుసార్లు తూస్తాం: ఒకసారి వర్తకుడి రాయి ఎడమ పళ్ళెంలో, మా పడికట్టు రాయి కుడి పళ్ళెంలో, తరువాత రెంటినీ అటుదిటూ ఇటుదటూ మార్చి. పట్టికలో రెండు గడులుంటాయి. రెండంకెల సగటే అసలు లెక్క.

నిదానం రెండో వారంలోనే అడిగింది. "మేడమ్, పెద్ద త్రాసు పట్టికలో ఈ రెండో గడి దేనికి?"

"అది తరువాత" అన్నాను.

మరిచిపోలేదు. చెప్పడానికి అయిదు నిమిషాలు పడుతుంది. మరునాడు చెబుదామనుకున్నాను, మరునాడు ముద్రల తాత ఆమె చేతిని పొగిడారు; ఆ మరునాడు కుర్చీ; ఆ పైన దరఖాస్తు మాట. ఒక్కొక్క రోజూ ఒక్కొక్క కారణం దొరికింది. నాకొక్కదానికే తెలిసినది ఏదో ఒకటి మిగలాలని ఉండేది.

నెల ఇరవై ఆరో తేదీన కట్టెల అడితి నడిపే ఆవిడ ఇరవై కిలోల రాళ్ళు నాలుగు దింపి, రేపు వస్తానని వెళ్ళింది. అధికారి ఆ పూట పర్యటనలో ఉన్నారు. నేను నా బల్ల దగ్గర మందుల కంపెనీ దరఖాస్తు నింపుకుంటూ, పెద్ద త్రాసు మీద ఆ రాళ్ళు తూచమని విద్యార్థులకు చెప్పాను. కుర్రవాళ్ళిద్దరూ రాళ్ళు ఎత్తి ఎడమ పళ్ళెంలో పెట్టారు, నిదానం చదివింది. రెండేసి సార్లు చదివింది. నాలుగు రాళ్ళూ ఎనిమిదేసి గ్రాములు తక్కువ వచ్చాయి.

"మేడమ్, తక్కువున్నాయి" అని పట్టిక తెచ్చి నా ముందు పెట్టింది.

నాలుగు రాళ్ళూ ఒకే మోతాదులో తక్కువ. మా పనిలో ఆరు నెలలున్న ఎవరికైనా అది త్రాసు చెప్పిన మాటే గాని రాళ్ళు చెప్పింది కాదని తెలుస్తుంది. మొదటి గడిలో ఆమె గుండ్రటి అంకెలు. రెండో గడి ఖాళీ. చూశాను. సంతకం పెట్టాను.

అధికారి మధ్యాహ్నానికి తిరిగి వస్తారు, పట్టిక ఆయన ముందుకు వెళ్తుంది, ఖాళీ గడిని ఆయన పట్టుకుంటారు, దరఖాస్తు పెట్టిస్తానన్న నోటితోనే ఆమెను రెండు మాటలంటారు. నా లెక్క అంతవరకే. ఆయన బస్సు తప్పి ఆ రోజు రాలేదు. పట్టిక నా సంతకంతోనే చెల్లింది. సాయంత్రానికి ఆఫీసు బయట బోర్డు మీద, తక్కువ తూకం జాబితాలో, అడితి ఆవిడ పేరు అతికించారు. రాళ్ళకు ఎర్రచీటీలు కట్టారు.

మరునాడు పదింటికి ఆవిడ గొంతు వీధిలోంచే వినబడింది.

"ఎవరే నా రాళ్ళు తూచింది? బైటికి రండి! ఇరవై ఏళ్ళు! ఇరవై ఏళ్ళుగా ఈ చేత్తో కట్టెలు తూస్తున్నా! నేను తక్కువ తూచేదాన్నయితే నా నోరు ఇంత లేస్తుందా? బోర్డు మీద నా పేరు చూసి ఆ ఎదురు టీకొట్టువాడు పళ్ళికిలిస్తున్నాడు!"

నేను లేచేలోపే నిదానం గుమ్మంలోకి వెళ్ళింది. "నేనే తూచానండీ" అంది.

అడితి ఆవిడ ఆ రెండు జడలనూ పైనుంచి కింది దాకా చూసి, "నువ్వా? నువ్వు బళ్ళో పలకలు తూచుకో పో!" అంది.

"రెండేసి సార్లు చూశానండీ. కావాలంటే మీ ఎదురుగా మళ్ళీ తూస్తాను." చేతులు వెనక్కి కట్టుకుని గుమ్మంలోనే నిలబడింది. "తప్పు నాదయితే బోర్డు మీది కాగితం నేనే చింపేస్తాను."

గోలకు ముద్రల తాత సుత్తితోనే వచ్చారు. ఎర్రచీటీలు చూశారు, నాలుగింటి మీదా ఒకే అంకె చూశారు.

"అమ్మడూ, రాళ్ళు అటూ ఇటూ మార్చారా?"

"మార్చడమంటే?"

తాత నా వైపు చూశారు. పదకొండేళ్ళలో నా మీద ఎన్నో హాస్యాలాడిన మనిషి సుత్తిని చేతులు మార్చుకుని షెడ్డులోకి వెళ్ళిపోయారు.

అంతలో అధికారి వచ్చారు. నన్ను లోపలికి పిలిచి, పట్టిక చూసి, ఖాళీ గడి మీద వేలు పెట్టారు. ఆయనకు అంతా అర్థమయింది, కారణం తప్ప.

"దీన్ని ఇంత దూరం లాగొద్దు" అన్నారు గొంతు తగ్గించి. "అనుభవం లేని విద్యార్థిని పొరపాటు అని రాస్తే సరిపోతుంది. ఆ పిల్లకు మన రికార్డుతో పనేముంది? మీరా, మూడు రోజుల్లో వెళ్ళిపోతున్నారు."

"ఆమెకు రెండో గడి సంగతి నేను చెప్పలేదండీ."

"మరిచిపోయి ఉంటారు."

"లేదండీ. ఆమె అడిగింది. చెప్పలేదు. ఖాళీగా ఉందని చూసే సంతకం పెట్టాను."

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "అలా రాస్తే మెమో ఇవ్వాలి. మీ సర్వీసు పుస్తకంలోకి ఎక్కుతుంది. పోయేముందు ఇదంతా ఎందుకు?"

"నేను వెళ్ళడం లేదు."

"ఎప్పుడనుకున్నారు?"

"ఇప్పుడే."

మా పట్టికల్లో రబ్బరు వాడకూడదు, కొట్టేసిన అంకె కింద కనబడుతూనే ఉండాలి. ఆయన బల్ల మీదే ఆ నాలుగు ఫలితాల మీదా ఒక్కొక్క గీత గీసి, పక్కన పొట్టి సంతకం చేసి, "పద్ధతి నేర్పనందువల్ల, తెలిసీ సంతకం చేసినందువల్ల రద్దు" అని రాశాను. తరువాత తూనిక గదిలోకి వెళ్ళాను.

"రా" అన్నాను నిదానంతో. "రాళ్ళు మార్చి పెట్టించు."

అడితి ఆవిడను కూడా లోపలికి పిలిచి కుర్చీ వేశాను. తలుపు మూశాం, పంకా ఆపాం. ఈసారి ఆవిడ రాయి కుడి పళ్ళెంలోకి వెళ్ళింది. నిదానం ముల్లు చదివి, తల ఎత్తి, మళ్ళీ చదివింది. పన్నెండు గ్రాములు ఎక్కువ. రెండో గడిలో రాసి, సగటు కట్టింది. అసలు లెక్క, రెండు గ్రాములు ఎక్కువ. నాలుగు రాళ్ళూ అంతే.

"ఎక్కువా?" అంది అడితి ఆవిడ. "అయితే ఇరవై ఏళ్ళుగా ఊరందరికీ ఊరికే కట్టెలు పంచుతున్నానా? ఈ మాట కూడా బోర్డు మీద పెట్టండమ్మా, ఆ టీకొట్టువాడు చదువుకుంటాడు!"

ఆవిడ పేరున్న కాగితాన్ని నేనే చింపాను. ఆవిడ నిదానం గడ్డం పట్టుకుని, "బళ్ళోకెళ్ళమన్నానని ఏమీ అనుకోకే" అని రాళ్ళు ఎత్తించుకుని వెళ్ళింది.

గదిలో ఇద్దరమే మిగిలాం. నిదానం చాలాసేపు రెండో గడిని చూస్తూ కూర్చుంది.

"మేడమ్, ఇది మొదటి వారమే చెప్పొచ్చు కదా."

"చెప్పొచ్చు" అన్నాను.

ఆమె గాజుపెట్టె మూసి, నా కుర్చీని నా ఎత్తుకు సరిచేసి వెళ్ళింది. ఆమె లేని గదిలో ఆ కుర్చీలో కూర్చున్నాను. మఖమలు పెట్టె తెరిచి కిలో రాయిని చూశాను. ఇది ఎవరికో ఇచ్చి పోతున్నానన్న ఆలోచనే నన్ను అంత నీచానికి దింపిందంటే, ఇది నాకు ఎంత కావాలో నాకు ఇంతవరకూ తెలియలేదన్నమాట. తెలిసేందుకు ఇంకొకరి చేతిలో చూడవలసి వచ్చింది.

ఆ సాయంత్రం ఏడింటికి కారు దిగి వచ్చిన తోడికోడలికి, నేను రావడం లేదని చెప్పాను.

"అక్కా, వాళ్ళకి మాటిచ్చాను! మీకేం తక్కువైందని?"

"ఏమీ తక్కువ కాలేదు. నా పనిలో ఇంకొకళ్ళను చూడలేకపోయాను."

"ఇదీ ఒక కారణమేనా?"

"ఉన్నది అదొక్కటే."

కోపంతో లోపలికి వెళ్ళబోయి, గడప మీదే కూర్చుండిపోయింది. "అక్కడ నాతో కలిసి తినే మనిషి లేదక్కా. అయిదేళ్ళయింది. మధ్యాహ్నం డబ్బా పట్టుకుని వెనక మెట్ల మీద కూర్చుంటాను. కారులో డ్రైవరు కూడా మాట్లాడడు. మీరొస్తే..." అని ఆగిపోయింది.

అయిదేళ్ళు ఆ కారును నేను బయటినుంచే తూచాను. ఆమె పక్కన కూర్చున్నాను. లోపలినుంచి అత్తగారు, "ఇద్దరూ గడప మీద కూర్చున్నారేం, దీపాల వేళ!" అని కేకేశారు. ఎవరమూ లేవలేదు.

రెండు నెలల తరువాత తోడికోడలు ఆ కంపెనీ మానేసి, మరిది ఉండే ఊరికి వెళ్ళిపోయింది. ఇల్లు రెండు కాపురాలయింది. నా నిరాకరణ దానికి ఒక్కటే కారణం కాదు గాని, ఒక కారణం. అత్తగారు ఆర్నెల్లు నాతో ముభావంగా ఉన్నారు. మెమో వల్ల నా పదోన్నతి రెండేళ్ళు వెనకబడింది. మా వారు మాత్రం రాజీనామా ఉత్తరాన్ని నాలుగు ముక్కలు చేసి, వెనకవైపు తెల్లగా ఉందని పద్దులు రాసుకున్నారు.

నిదానం చదువు పూర్తిచేసి, పై పరీక్షలు రాసి, తొమ్మిదేళ్ళ తరువాత మా కార్యాలయానికి అధికారిగా వచ్చింది. మొదటి ఏడాదిలోనే నేను సంతకం చేసిన పట్టికలు రెండు వెనక్కి పంపింది. రెండింటిలోనూ తప్పు నాదే.